పాత చెట్టు పాతదిగానే ఉండాలి: ఎక్స్‌ఎంఎల్ పత్రాలు, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్

సబ్‌స్టేషన్ అనగానే మన ఉద్యోగుల పిల్లలకు కూడా కళ్ళ ముందు మెదిలేవి ఉక్కు గాంట్రీలు, పింగాణీ ఇన్సులేటర్లు, కంకర పరచిన యార్డు, ట్రాన్స్‌ఫార్మర్ల ఎడతెగని రొద. యార్డు పక్కన కంట్రోల్ రూములో రిలే ప్యానెళ్ళు, వాటి వెనుక జడల వలె కట్టిన రాగి తీగలు ఒకప్పుడు మా రక్షణ విభాగపు ఇంజనీర్ల ప్రపంచం. ఏ రిలే ఏ బ్రేకరును తెరుస్తుందో తెలియాలంటే తీగను వేలితో పట్టుకుని టెర్మినల్ బ్లాకు దాకా నడిచేవాళ్ళం. కొత్త సబ్‌స్టేషన్లలో ఆ తీగలలో చాలా భాగం నేడు లేదు. వాటి స్థానంలో ఆప్టికల్ ఫైబరు ఉన్నది. ఆ ఫైబరు మీద ఎవరు ఎవరికి ఏ సంకేతం పంపాలో చెప్పే ఒక ఫైలు ఉన్నది. ఆ ఫైలు తప్పయితే సబ్‌స్టేషన్ వైరింగు తప్పయినట్లే. దానిని దిద్దబోయి నేను చేసిన ఒక పొరపాటును గురించి, ఆ తరువాత మా విభాగం అలవరచుకున్న ప్రోగ్రామింగ్ పద్ధతిని గురించి పాఠక మిత్రులతో ముచ్చటించాలని ఈ వ్యాసం.

సబ్‌స్టేషన్ ఆటోమేషన్‌కు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం రూపొందించిన ప్రమాణం ఐ.ఇ.సి. 61850. అందులో ఆరవ భాగం 2004 లో వెలువడింది. సబ్‌స్టేషన్‌ను వర్ణించే భాషను నిర్వచించేది ఈ భాగమే. ఆ భాష పేరు ఎస్.సి.ఎల్. దాని లిపి ఎక్స్‌ఎంఎల్. ఈ ఎక్స్‌ఎంఎల్‌ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరి 10 న ప్రమాణంగా ప్రకటించింది. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి విషయమూ ఒక తెరిచే ట్యాగుకు, ఒక మూసే ట్యాగుకు మధ్య ఉంటుంది. దాని లోపల మరికొన్ని, వాటి లోపల ఇంకొన్ని. కాబట్టి ఏ ఎక్స్‌ఎంఎల్ ఫైలునైనా వంశవృక్షంగా గీయవచ్చు. మా ఫైలులో మూలపురుషుని స్థానంలో ఎస్.సి.ఎల్. అనే ట్యాగు ఉంటుంది. దాని సంతానం శీర్షిక, సబ్‌స్టేషన్, కమ్యూనికేషన్ భాగాలు, ఒక్కొక్క రిలేకు ఒక్కొక్క భాగం, చివరన డేటా రకాల నమూనాలు. సబ్‌స్టేషన్ కింద ఓల్టేజి స్థాయిలు, వాటి కింద బేలు, బేల కింద బ్రేకర్లు, ఐసొలేటర్లు. చెరకు గడకు కణుపులున్నట్లు ఈ చెట్టుకూ కణుపులుంటాయి. ఇంగ్లీషులో నోడ్ అనేది దీనినే. ఒక 400 కె.వి. సబ్‌స్టేషన్ ఫైలులో కణుపుల సంఖ్య లక్ష దాటడం వింత కాదు.

ఇంత చెట్టును మనిషి చేతితో దిద్దలేడు. ప్రోగ్రాము కావాలి. ప్రోగ్రాములకు ఈ చెట్టును అందించడానికి అదే కన్సార్టియం 1998 అక్టోబరులో డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్ అనే మరొక ప్రమాణాన్ని ఇచ్చింది. వాడుకలో దీనిని డామ్ అంటారు. అది పుట్టిన సందర్భం గుర్తుంచుకోదగినది. ఆనాడు నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ సంస్థల బ్రౌజర్లు పేజీని ఎవరి ధోరణిలో వారు ప్రోగ్రాములకు చూపేవి. ఒకదానికి వ్రాసినది రెండవదానిలో నడిచేది కాదు. ఆ చిక్కును తీర్చడం డామ్ ముఖ్యోద్దేశం. తెర మీద కనిపించే పేజీ ఒక్కటే. దానిని ఉన్నచోటనే, ఉన్న క్షణంలోనే మార్చాలి. కాబట్టి డామ్‌లో ప్రతి కణుపుకూ తన తండ్రి ఎవరో, పిల్లలెవరో, అటూ ఇటూ ఉన్న తోబుట్టువులెవరో తెలుసు. తీసివేయి అంటే అప్పుడే పోతుంది, తగిలించు అంటే అప్పుడే తగులుకుంటుంది. బ్రౌజరుకు ఇది చక్కగా సరిపోయింది. మన వంటి వారి పత్రాలకు అది అంతగా సరిపోదని నేను తెలుసుకున్నది తరువాత.

కొన్నేళ్ళ క్రితం ఒక విస్తరణ పనిలో బస్ కప్లర్ బేలోని పాత రిలేను తొలగించి కొత్తది అమర్చవలసి వచ్చింది. పాత రిలే నుండి బస్‌బార్ రక్షణ యూనిట్‌కు ఎనిమిది సంకేతాలు వెళ్ళేవి. ఆ యూనిట్ భాగంలో వాటికి ఎనిమిది సూచికలు వరుసగా ఉన్నవి. ప్రమాణంలో వాటి పేరు ఎక్స్‌ట్‌రెఫ్. పాత రిలే పేరున్న సూచికలన్నింటినీ తొలగించడానికి జావాలో ఇరవై వరుసల ప్రోగ్రాము వ్రాసాను. అది నడిచింది, ఏ తప్పూ చూపలేదు. ఫలితాన్ని పాత ఫైలు పేరుతోనే, దాని పైనే దాచి, చేయి దులుపుకున్నాను.

ప్యానెళ్ళను సైటుకు పంపే ముందు బెంచి మీద పరీక్షిస్తాము. ఆ పరీక్షలో మా విభాగంలో కొత్తగా చేరిన యువ ఇంజనీరు ఒకామె నా బల్ల దగ్గరకు వచ్చింది.

“పాత రిలే పేరు ఇంకా నాలుగు చోట్ల కనిపిస్తోంది సార్.”

“ఉండడానికి వీల్లేదమ్మా, అన్నీ తీసేశాను కదా.”

“ఒకటి విడిచి ఒకటి పోయాయి సార్. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మిగిలాయి.”

ఇరవై ఏళ్ళ పైచిలుకు అనుభవం ఉన్నవాడిని; ముఖం ఎర్రబడింది. బెంచి మీద కనుక సరిపోయింది. సైటులో అయితే ఆ యూనిట్ లేని రిలే నుండి రాని సంకేతాల కోసం ఎదురుచూస్తూ, అలారం ఇస్తూ కూర్చునేది. విద్యుత్తు ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే గడువు గంటలలో లెక్క. ఆ గంటలు కారణం వెతకడంలో గడిచిపోయేవి.

కారణం ఇది. డామ్‌లో ఫలానా ట్యాగున్న కణుపులన్నీ ఇమ్మంటే అది ఇచ్చేది జాబితా నకలు కాదు, చెట్టు వైపు తెరచి ఉంచిన కిటికీ. చెట్టు మారితే జాబితా కూడా ఆ క్షణమే మారుతుంది. రేషను దుకాణం ముందు వరుసను తలచుకోండి. మొదటి మనిషిని పిలిచారు, అతను సరుకు తీసుకుని వెళ్ళిపోయాడు, వెనుకనున్న వారంతా ఒక అడుగు ముందుకు జరిగారు. ఇప్పుడు దుకాణదారు “రెండో మనిషి రావాలి” అన్నాడు. వచ్చేది మొదట మూడవ స్థానంలో నిలబడినవాడు. రెండవవాడు వరుస మొదట్లో బిక్కమొహంతో అలాగే ఉండిపోతాడు. ఎనిమిది మందిలో నలుగురికే సరుకు దక్కుతుంది, దుకాణదారు మాత్రం అందరినీ పిలిచానని ప్రమాణం చేసి చెబుతాడు. నా ప్రోగ్రాము చేసినది సరిగ్గా అదే.

వరుస చివర నుండి పిలుచుకుంటూ వస్తే ఈ చిక్కు రాదు. లేదా ముందుగా జాబితాను వేరే కాగితం మీదకు ఎక్కించుకోవచ్చు. డామ్‌తో పనిచేసేవారికి ఈ కిటుకులు తెలిసినవే. కానీ నన్ను ఎక్కువ బాధించినది వేరొకటి. మార్పుకు ముందున్న చెట్టు ఏదని ఆమె అడిగినప్పుడు నా దగ్గర లేదు. ప్రోగ్రాము దానిని మెమరీలోనే మార్చివేసింది, నేను ఫైలు మీదే దాచాను. ముందు రోజు బ్యాకప్ దొరకబట్టి గండం గడిచింది.

దీనికి మూలం వరకూ వెళ్ళి మందు వేసేది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్. పేరు కొత్తగా తోచినా భావం గణితంలో ప్రమేయాల పాఠం చదివిన పిల్లలకు తెలిసినదే. లాగరిథం పట్టికలో 2 కు ఎదురుగా ఏమున్నదో చూసినంత మాత్రాన ఆ 2 మారిపోదు. ఒక విలువను ఇస్తే మరొక విలువ వస్తుంది, ఇచ్చినది చెక్కుచెదరదు. ప్రోగ్రాములన్నింటినీ ఈ ధోరణిలో వ్రాయడం కొత్త ఆలోచన కాదు. జాన్ మెకార్థీ 1958 లో లిస్ప్ భాషను మొదలుపెట్టిన నాటి నుండి ఆ దారి ఉన్నది. 1990 లో హాస్కెల్ భాష మొదటి నివేదిక వెలువడింది. ఈ దృష్టితో చూస్తే పత్రాన్ని దిద్దడం అంటే చెట్టును మార్చడం కాదు. పాత చెట్టును ఇచ్చి కొత్త చెట్టును పొందడం.

వెంటనే ఒక సందేహం కలుగుతుంది. ఒక్క ఆకు మార్చడానికి లక్ష కణుపుల చెట్టుకు నకలు తీయాలా? అవసరం లేదు. ప్రతి కణుపుకూ పది మంది పిల్లలు, వేరు కింద ఐదు తరాలు ఉన్న చెట్టును ఊహించండి. మొత్తం కణుపులు 1, 10, 100, 1,000, 10,000, 1,00,000 కలిపితే 1,11,111. అట్టడుగు తరంలో ఒక్క ఆకు మారింది. కొత్తగా చేయవలసినవి ఆ ఆకు, దాని తండ్రి, తాత, ఇలా వేరు దాకా దారిలో ఉన్న 6 కణుపులు మాత్రమే. మిగిలిన 1,11,105 కణుపులను కొత్త చెట్టు పాత చెట్టుతో పంచుకుంటుంది. ఎవరూ ఎప్పటికీ మార్చరన్న హామీ ఉన్నది కనుక పంచుకోవడంలో ప్రమాదం లేదు. ఉమ్మడి కుటుంబంలో ఒక్కరూ గొడవ పెట్టుకోరని ముందే తెలిస్తే వంటిల్లు పంచవలసిన అవసరం ఏమున్నది?

డామ్‌లో ఇలా పంచుకోవడం సాధ్యం కాదు. కారణం ఇందాక చెప్పిన తండ్రి గుర్తు. ప్రతి కణుపూ తన తండ్రిని చూపుతుంది, తండ్రి ఒక్కడే ఉండాలి. ఒక కొమ్మను కొత్త చోట తగిలిస్తే అది పాత చోటు నుండి ఊడిపోతుంది. వేరొక పత్రంలో తగిలించబోతే తప్పు అని తిప్పికొడుతుంది. అందుకోసం 2000 లో వచ్చిన రెండవ స్థాయి ప్రమాణంలో దిగుమతి అనే ప్రత్యేక విధానం కల్పించవలసి వచ్చింది. కాబట్టి ఫంక్షనల్ చెట్టులో తండ్రి గుర్తు ఉంచరు. పేరు, లక్షణాలు, పిల్లల వరుస, ఇంతే.

మరి కిందికి దిగినవాడు పైకి ఎలా రావాలి? దీనికి ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థకు చెందిన జెరార్ హుయే 1997 లో ప్రచురించిన ఉపాయం జిప్పర్. చొక్కా జిప్పును కిందికి లాగుతుంటే ఎడమ పళ్ళు ఎడమకు, కుడి పళ్ళు కుడికి విడిపోతాయి; పైకి లాగితే మళ్ళీ కలుసుకుంటాయి. చెట్టులో దిగే ప్రతి మెట్టు వద్ద విడిచి వచ్చిన తండ్రి పేరు, ఎడమనున్న తోబుట్టువులు, కుడినున్న తోబుట్టువులు ఒక చీటీ మీద వ్రాసుకుంటూ పోవాలి. కావలసిన చోట మార్పు చేసి, చీటీలను వెనుక నుండి ముందుకు చదువుకుంటూ పైకి వస్తే దారిలోని కణుపులు కొత్తగా అల్లుకుంటాయి. తండ్రి గుర్తు కణుపులో లేదు, నడిచేవాడి చేతిలో ఉన్నది. క్లోజర్ భాషలో ఇది సిద్ధంగా లభిస్తుంది, అది చదివి ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ చెట్టు మీద నేరుగా పనిచేస్తుంది.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ హుయే గారే తరువాత సంస్కృతం వైపు మళ్ళి, సంధులు విడదీసి పదాలను గుర్తించే సాఫ్ట్‌వేరును ఓకామెల్ అనే ఫంక్షనల్ భాషలో నిర్మించారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం సంస్కృత విభాగానికి చెందిన అంబా కులకర్ణి గారితో కలిసి పనిచేశారు. 2009 జనవరిలో సంస్కృత గణన భాషాశాస్త్రం మీద మూడవ అంతర్జాతీయ సదస్సు హైదరాబాదులోనే జరిగింది. సవర్ణదీర్ఘ సంధికీ సబ్‌స్టేషన్‌కూ ఇంత దగ్గరి బంధుత్వం ఉంటుందని మా తెలుగు మాస్టారు కూడా ఊహించి ఉండరు.

ఇక ఆచరణకు వద్దాము. మా మొదటి మందు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి. ఇది 1999 నవంబరులో ప్రమాణమైన, ఎక్స్‌ఎంఎల్‌ను మరొక ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే భాష. చాలామంది దీనిని ముద్రణ కోసం వాడే సాధనమనుకుంటారు కానీ స్వభావంలో ఇది ఫంక్షనల్ భాష. ఒకసారి పేరు పెట్టిన విలువను మళ్ళీ మార్చే వీలే అందులో లేదు. మాకు రెండు నియమాలు సరిపోయాయి. మొదటిది: ఏ కణుపు ఎదురైనా యథాతథంగా నకలు వ్రాయి, దాని పిల్లలకూ అదే చెయ్యి. రెండవది: ఫలానా రిలే పేరున్న సూచిక ఎదురైతే ఏమీ వ్రాయకు. రెండవది ప్రత్యేకమైనది కనుక అది వర్తించిన చోట అదే గెలుస్తుంది. వరుస సంఖ్యలు లేవు, జరగడాలు లేవు. ఎనిమిదీ పోయాయి.

మొదటి ప్రయత్నంలోనే పోలేదని కూడా ఒప్పుకోవాలి. ఎస్.సి.ఎల్. ట్యాగులన్నీ ఒక నేమ్‌స్పేస్‌కు చెందినవి, అంటే ఇంటిపేరు గలవి. నేను నియమంలో ఇంటిపేరు లేకుండా వట్టి పేరు వ్రాసాను. ఆ వట్టి పేరు గలవారు ఊళ్ళో ఎవరూ లేరు కనుక ఒక్క సూచికా పోలేదు. అయితే ఈసారి పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ పక్కపక్కన ఉన్నవి. పోల్చి చూసిన నిమిషంలో సంగతి బయటపడింది.

యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కమ్ వాలెస్, కాలిన్ రన్సిమన్ 1999 లో హాస్కెల్‌లో ఎక్స్‌ఎంఎల్‌ను ఎలా వాడవచ్చునో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. దానితో వచ్చిన హాక్స్‌ఎంఎల్ గ్రంథాలయంలో ప్రతి పనీ ఒక వడపోత. వడపోత అంటే ఒక కణుపును తీసుకుని కణుపుల జాబితాను ఇచ్చే ప్రమేయం. ఖాళీ జాబితా ఇస్తే తొలగించినట్లు. అదే కణుపు ఒక్కటే ఉన్న జాబితా ఇస్తే ఉంచినట్లు. వేరొకటి ఇస్తే మార్చినట్లు, రెండు మూడు ఇస్తే చేర్చినట్లు. పైగా ఖాళీ జాబితాను కాదు అని, ఖాళీ కానిదానిని అవును అని చదువుకుంటే అదే వడపోత పరీక్షగా కూడా పనిచేస్తుంది. ఈ చిన్న వడపోతలను గొట్టాలు కలిపినట్లు ఒకదాని చివర ఒకటి తగిలించి పెద్ద పని చేయించవచ్చు. ఒక్కొక్కటీ విడిగా పరీక్షించవచ్చు. దానికి సబ్‌స్టేషన్ అక్కరలేదు, మూడు కణుపుల బుల్లి చెట్టు చాలు.

అదే పత్రంలో వారు రెండు మార్గాలను పోల్చారు. ఏ పత్రానికైనా వర్తించే సాధారణ చెట్టు ఒకటి, ఆ పత్రం నియమాలకు అచ్చంగా సరిపోయేలా నిర్మించిన రకాలు రెండవది. రెండవదానిలో తప్పులు చాలావరకు ప్రోగ్రాము నడవకముందే పట్టుబడతాయి. అయినా మా పనికి మొదటిదే మేలని నా అభిప్రాయం. ఎస్.సి.ఎల్. లో ప్రతి తయారీదారూ తన సొంత సమాచారం దాచుకోవడానికి ప్రైవేట్ అనే అర ఒకటి ఉన్నది. మనకు తెలిసిన రకాలకు మాత్రమే చోటిచ్చిన ప్రోగ్రాము ఆ అరలలోని సరుకును చప్పుడు చేయకుండా పారవేసే ప్రమాదం ఉంటుంది. తెలియనిదానిని తెలియనట్లే మోసుకుపోవడం ఇక్కడ ముఖ్యం.

తరువాత మేము ఎఫ్ షార్ప్ అనే భాషకు మారాము. మా కంప్యూటర్లలో డాట్‌నెట్ ఉండడమే అందుకు కారణం, గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఫైలును చదివే పని డాట్‌నెట్ గ్రంథాలయానికి వదిలి, వచ్చినదానిని మా సొంత మార్పులేని చెట్టుగా మలచుకుని, పని ముగిసిన తరువాతనే తిరిగి ఫైలుగా వ్రాస్తాము. ఇలా చేయడంలో అసలు లాభం తనిఖీలో కనిపించింది.

ఎస్.సి.ఎల్. లో రిలేలు ఒకదానినొకటి పేరుతో ప్రస్తావించుకుంటాయి. ఆ ప్రస్తావనలు చెట్టు కొమ్మలు కావు, కొమ్మ నుండి కొమ్మకు కట్టిన దారాలు. చెట్టును ఎంత శుద్ధంగా మార్చినా దారం తెగిందో లేదో చెట్టు చెప్పదు. కాబట్టి ఒక ప్రమేయం ఫైలులో నిర్వచించిన రిలేల పేర్లన్నీ సేకరిస్తుంది, మరొకటి సూచికలలో ప్రస్తావించిన పేర్లన్నీ సేకరిస్తుంది. రెండవ సమితి నుండి మొదటి సమితిని తీసివేస్తే శూన్యం రావాలి. ఆనాడు ఈ తనిఖీ ఉండి ఉంటే నా నాలుగు సూచికలు బెంచి దాకా వెళ్ళేవి కావు.

మరొక తనిఖీకి రెండు చెట్లు కావాలి. రిలేల మధ్య వేగంగా పంపే సంకేతాలను గూస్ సంకేతాలంటారు. అటువంటి ఒక సంకేతంలోని అంశాల జాబితా మారితే దానికి తోడుగా ఉన్న కాన్ఫ్‌రెవ్ అనే సంఖ్య కూడా పెరగాలి. అందుకునే రిలే ఆ సంఖ్యను తన వద్దనున్న దానితో పోల్చి చూసుకుంటుంది. జాబితా మారి సంఖ్య మారకపోతే రెండు రిలేలు వేర్వేరు భాషలు మాట్లాడుతూ ఒకటే అనుకుంటాయి. ఒక్క చెట్టును ఎంత పరిశీలించినా ఈ తప్పు కనబడదు. నిన్నటిదీ నేటిదీ పక్కపక్కన ఉంటేనే కనబడుతుంది. పాత చెట్టు మెమరీలో సజీవంగా ఉన్నందువలన ఈ పోలిక మాకు పదిహేను వరుసలలో తేలిపోయింది. పంచుకున్న కొమ్మలు రెండింటిలోనూ ఒకటే కనుక వాటిలోకి దిగనవసరం లేదు. మారిన దారిలో మాత్రమే నడవాలి.

ఇది మా యార్డు గొడవే అనుకోనవసరం లేదు. 2010-11 ఆర్థిక సంవత్సరం నుండి కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ నిర్దిష్ట తరగతుల కంపెనీలు లెక్కలను ఎక్స్‌బిఆర్‌ఎల్ రూపంలో దాఖలు చేయాలని నిర్దేశించింది. అదీ ఎక్స్‌ఎంఎల్ కుటుంబంలోనిదే. అందులో ప్రతి అంకెకూ అది ఏ సంస్థది, ఏ కాలానిది అని చెప్పే సందర్భం ఒకటి ఉంటుంది. అంకె ఆ సందర్భాన్ని గుర్తుతో ప్రస్తావిస్తుంది. ప్రస్తావించిన సందర్భాలన్నీ నిర్వచించబడ్డాయా అన్న ప్రశ్నకు మా రిలేల ప్రమేయమే రెండు పేర్లు మార్చితే సమాధానం ఇస్తుంది. ఫైనాన్సు విభాగపు మిత్రునికి దీనిని చూపించినప్పుడు ఆయన నమ్మలేదు. తమ లెక్కలు బ్రేకర్లతో సమానమా అన్నారు.

ఇబ్బందులు లేకపోలేదు. డామ్ అయినా మా చెట్టయినా ఫైలు మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకోవలసిందే, అది ఫైలు పరిమాణానికి కొన్ని రెట్లు తింటుంది. మరీ పెద్ద ఫైళ్ళకు 1998 లోనే వచ్చిన శాక్స్ వంటి, ముక్కముక్కగా చదివే పద్ధతులు మేలు. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక ట్యాగు లక్షణాలు ఏ క్రమంలో ఉన్నా అర్థం ఒకటే. కాబట్టి తిరిగి వ్రాసేటప్పుడు క్రమం మారి, మామూలు పోలిక సాధనాలు వేల తేడాలు చూపి గుండెలు అవిసేలా చేస్తాయి. లక్షణాలను నిర్ణీత క్రమంలో పేర్చే కానానికల్ ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం 2001 నుండి ఉన్నది. పోలికకు ముందు రెండు ఫైళ్ళనూ ఆ రూపంలోకి తేవడం మాకు అలవాటైంది. వ్యాఖ్యలను, ఖాళీలను కూడా కణుపులుగానే మోయాలి, లేకపోతే తయారీదారు ఇంజనీరు వ్రాసుకున్న గమనిక మన చేతిలో మాయమవుతుంది.

ఇప్పుడు మా విభాగంలో ఏ ఫైలూ దాని మీదే దాచబడదు. ప్రోగ్రాము కొత్త ఫైలును వ్రాసి, ఎన్ని కణుపులు పోయాయి, ఎన్ని వచ్చాయి, తెగిన దారాలు ఏవి అని ఒక పుట నివేదిక ముద్రిస్తుంది. ఆ పుట మీద ఇద్దరు సంతకం చేయాలి: మార్పు చేసినవారు ఒకరు, ఆ మార్పుతో సంబంధం లేనివారు మరొకరు. నేను చేసిన మార్పులకు రెండవ సంతకం సాధారణంగా ఆ అమ్మాయిదే. పోయిన నెల ఒక నివేదికను ఆమె తిప్పి పంపింది. సూచికలన్నీ సరిగానే ఉన్నవి, శీర్షికలో సవరణ సంఖ్య పెంచడం మరచిపోయాను.